జబ్బ మీద ఎరుపు

ల్యాబులో అతన్ని అందరూ చుక్కలాయన అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంటుంది గానీ దాన్ని చదివే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పదిహేడేళ్లుగా అతని పని చుక్కలు లెక్కపెట్టడం. అరచేతంత ప్లాస్టిక్ పళ్లెంలో తొంభై ఆరు గుంటలుంటాయి. వాటి అడుగున పడే ఊదారంగు చుక్కలే అతనికి తిండి పెడుతున్నాయి.

ఊపిరితిత్తుల క్యాన్సరుకి టీకా తయారుచేసే చోటు అది. టీకా అంటే జబ్బు రాకుండా ముందే వేయించుకునేదని మనకి అలవాటు. ఇది ఆ రకం కాదు, జబ్బు వచ్చి తిష్ఠ వేశాక వేసేది. రోగి గడ్డలోంచి ఒక ముక్క తీస్తారు. మంచి కణాల్లో లేని ఆనవాళ్లు అందులో ఏమున్నాయో వెతికి, ఆ ఆనవాళ్లతో ఆ ఒక్క మనిషికే టీకా చేస్తారు. రక్తంలో తిరిగే కాపలా కణాలకి దొంగ ఫోటో చూపించి గుర్తుపెట్టుకోమనడం లాంటిది. గుర్తుపట్టిన కణం ఒక్కొక్కటీ పళ్లెంలో ఒక్కో చుక్క వదులుతుంది. లెక్కపెట్టడానికి మిషన్ ఉంది, కాదనం. కానీ ఆ మహాతల్లి దుమ్ము రేణువుని కూడా చుక్కే అనుకుంటుంది. అందుకని చివర్న మనిషి కన్ను పడాల్సిందే.

ట్రయల్‌లో చేరినవాళ్లలో సగం మందికి అసలు టీకా, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది వేస్తున్నారో వేసే నర్సుకి తెలియదు, వేయించుకునేవాళ్లకి తెలియదు, లెక్కపెట్టే చుక్కలాయనకీ తెలియదు. సీసాల మీద నంబర్లే. అయితే మనుషులు ఊరుకుంటారా? అసలు టీకా పడినవాళ్లలో పదింట ఎనిమిది మందికి మర్నాటికల్లా జబ్బ ఎర్రబడుతుందని ఎలాగో బయటికి పొక్కింది. ఇక అప్పట్నుంచీ ఆస్పత్రి వరండాలో ఒకటే చొక్కా చేతులు పైకి మడవడం, ఒకరి జబ్బ ఒకరు చూసుకోవడం. ఎర్రబడినవాళ్లు పెళ్లివారిలా తిరిగేవారు, ఎర్రబడనివాళ్లు గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఇదంతా చుక్కలాయనకి చిరాకు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్పేవాడు, "చర్మం చెప్పేది నమ్మకండి. చుక్క చెప్పిందే నమ్మండి" అని. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదయ్యేది.

ఆ తర్వాత అతని అక్కకి జబ్బు చేసింది.

అక్క డ్రైవింగ్ నేర్పిస్తుంది. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉండే చిన్న కారు ఆమెది. ముప్పయ్యేళ్లలో కొన్ని వందల మంది ఆడవాళ్లకి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది. నేర్పలేనిది తమ్ముడికి ఒక్కడికే. అమ్మానాన్నలు వెంటవెంటనే పోయినప్పుడు ఆమెకి పందొమ్మిది, అతనికి తొమ్మిది. పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. ఆ పెళ్లి రెండేళ్లకే చెడితే, "గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్" అంది. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. తను మాత్రం పెళ్లి ఊసే ఎత్తనివ్వలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ అని తెలిశాక చూడవచ్చిన ప్రతివాళ్లూ సిగరెట్లు తాగేదానివా అని అడిగారు. "తాగి ఉంటే కనీసం ఆ సుఖమైనా దక్కేది" అని నవ్వించి పంపించింది.

మొదటి వరస మందుకి గడ్డ తగ్గి, ఏడాదికి మళ్లీ తల ఎత్తింది. అప్పుడు ట్రయల్‌లో చేరింది. తన అక్క అని చుక్కలాయన కాగితం మీద రాసిచ్చాడు. దాంతో ఆమె రక్తం అతని బల్ల మీదికి రాకుండా ఎదుటి బల్లకి మళ్లించారు. ఆ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి లావుపాటి కళ్లద్దాలు చూసి అందరూ ఆమెని సోడాబుడ్డి అంటారు. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా చెప్పేది కాదు, అతనూ అడిగేవాడు కాదు. అక్కడి వరకూ అంతా పద్ధతిగానే ఉంది.

పద్ధతి తప్పింది ఇంట్లో. టీకా వేసిన రోజు నుంచి వారం పాటు, సాయంత్రం పూట జబ్బ మీద ఎరుపు ఎంత మేర ఉందో కొలిచి డైరీలో రాయాలి. డైరీ, పారదర్శకంగా ఉండే స్కేలు ఆస్పత్రివాళ్లే ఇస్తారు. కుడిచేతి జబ్బ మీద తనే కొలుచుకోలేదు గనక ఆ పని తమ్ముడిది. కింద సంతకం కూడా అతనిదే.

మొదటి డోసు తర్వాత సాయంత్రం అతను స్కేలు పట్టుకుని దీపం కిందికి రమ్మన్నాడు. సూది గుచ్చిన చుక్క తప్ప ఏమీ లేదు. సున్నా అని రాశాడు. రెండో రోజూ సున్నా. వారమంతా సున్నాలే.

"ఏంట్రా, ఫెయిలయ్యానా?" అంది అక్క.

"చర్మాన్ని బట్టి ఏం తెలియదక్కా" అన్నాడు. కానీ ఆ వారం అన్నం సగంలో లేచిపోయాడు. టీవీ ముందు కూర్చుని దాన్ని పెట్టడం మర్చిపోయాడు. తన మొహం తనకి కనబడదు గదా.

రెండో డోసుకి మర్నాడు ఎరుపు వచ్చింది. రెండున్నర సెంటీమీటర్లు. అతను రెండుసార్లు కొలిచాడు. ఆ రాత్రి గిన్నెలన్నీ తోమాడు, తోముతూ కూనిరాగం తీశాడు. అక్క గుమ్మానికి ఆనుకుని చూస్తూ, "నీ గొంతు విని ఎన్నేళ్లయిందిరా" అంది. మూడో డోసుకి ఏకంగా ఆరు సెంటీమీటర్లు, మధ్యలో నీటి బొబ్బ. అంచు చెదరని గుండ్రటి ఎరుపు. "చూశావా, నీ కాపలావాళ్లు నిద్ర లేచారు" అంటూ డైరీ నింపాడు. పదిహేడేళ్లుగా ఊరందరికీ చెప్పిన నీతి ఆ పూట ఎక్కడికి పోయిందో అతన్నే అడగాలి.

నాలుగో డోసుకి వెళితే డాక్టరమ్మ డైరీ తిరగేసి, బొబ్బ ఎండిన మచ్చని చూసి ఫోటో తీసింది. "ఇంత గుండ్రంగా నేనెప్పుడూ చూడలేదు" అంది. ఐదు సెంటీమీటర్లు దాటి బొబ్బ కూడా వస్తే తర్వాతి డోసు మూడు వారాలు ఆపాలి, అది రూలు. మొత్తం తొమ్మిది డోసులు, ఇంకా ఆరున్నాయి, కంగారేం లేదు, మచ్చ మానగానే వేసేద్దాం అని పంపించేసింది.

తిరిగి వచ్చేటప్పుడు కారు అక్కే నడుపుతోంది. పెద్ద కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. ముందున్న బస్సు వెనకవైపు చూస్తూ అక్క చెప్పింది.

"అది టీకా కాదురా. నేనే."

"ఏంటి నువ్వే?"

"ఎరుపు. మొదటిసారి గిన్నెలు తోమే పీచుతో రుద్దాను. రెండోసారి పీచుకి సరిగ్గా రాలేదు. స్టీలు గ్లాసులో వేడి టీ పోసుకుని ఆనించాను. కొంచెం ఎక్కువసేపు ఉంచినట్టున్నాను."

దీపం పచ్చబడింది. వెనకవాళ్లు హారన్ కొట్టారు. అక్క గేరు వేసి, ఎప్పటిలాగే అద్దం చూసుకుని కదిలించింది.

"ఎందుకక్కా?"

"నీ మొహం చూడలేకపోయాన్రా. ఆ మొదటి వారం నువ్వు తిరిగిన తిరుగుడు చూస్తే, జబ్బు నాకా నీకా అనిపించింది. డోసు ఆపేస్తారని నాకేం తెలుసు? నీకు నచ్చుతుందనుకున్నాను."

అతనికి కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. ఛాతీలో ఎవరో మత్తు సూది వేసినట్టుంది. దారిపొడుగునా షాపుల బోర్డులు చదువుకుంటూ వచ్చాడు. చెప్పుల షాపు, తాళాల షాపు, మళ్లీ చెప్పుల షాపు.

మర్నాడు మామూలుగానే ల్యాబుకి వెళ్లాడు. పదకొండు పళ్లేలు చూశాడు. మిషన్ చేసిన తప్పులు దిద్దాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, తిని, కడిగి పెట్టుకున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, తల ఒకే లెక్క వేస్తూ కూర్చుంది. మూడు డోసులకీ అక్క జబ్బ నిజంగా ఎర్రబడలేదు. ఎర్రబడలేదంటే ఉప్పునీళ్లు. ట్రయల్‌లో ఉన్నంతకాలం, మొదటిది పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరస మందు వాడకూడదు. ఉప్పునీళ్ల కోసం అక్క అసలు మందు వదులుకుని కూర్చుంది. ఎన్నిసార్లు వేసినా లెక్క అలాగే తేలింది.

సాయంత్రం అక్క ముందు కూర్చుని అదే చెప్పాడు. డాక్టరమ్మకి నిజం చెప్పేద్దాం, ట్రయల్‌లోంచి తీసేస్తారు, వారంలో మందు మొదలుపెట్టుకోవచ్చు అన్నాడు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అంది అక్క.

"మూడు వారాలయ్యాక నాలుగోది వేస్తారు."

"అదీ ఉప్పునీళ్లేనంటావు."

"ఆ."

అక్క అతని వైపు చూసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పక్కకి తిప్పుతామన్నప్పుడు వెనక ఏమైనా వస్తోందో లేదో చూశారా అని అడిగే చూపు అది. "నీకు గట్టిగా తెలుసా?"

"తెలుసు" అన్నాడు.

"సరే అయితే. ఈ విషయాల్లో నీకు తెలిసినంత నాకేం తెలుసు" అంది అక్క, లేచి బియ్యం కడగడానికి వెళ్లింది.

డాక్టరమ్మ మొత్తం విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. డైరీలో రాసింది అబద్ధమని తెలిశాక ఈ పేరు ఉంచడానికి లేదంది. ఒకసారి తీసేశాక, కారణం ఏదైనా సరే, మళ్లీ చేర్చుకోవడం ఉండదంది. తర్వాత అతని వైపు తిరిగింది.

"అసలు టీకా పడినవాళ్లలో కూడా అందరికీ ఎర్రబడదు. మీకు నేను చెప్పాలా?"

"పదిమందిలో ఎనిమిది మందికి అవుతుంది" అన్నాడు చుక్కలాయన.

"మిగతా ఇద్దరు?"

"ఆ ఇద్దరి కోసం చూస్తూ కూర్చునే టైము మాకు లేదు డాక్టర్‌గారూ."

తనే చెప్పాడు, తన నోటితోనే. అక్క పక్కన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. చూపించిన చోట సంతకం పెట్టింది. తర్వాతి మందు ఏది వాడాలో తేల్చడానికి ఆమె నంబరు వెనక ఏముందో తెలుసుకోవాలి గనక, కోడు విప్పమని రాసి పంపిస్తానంది డాక్టరమ్మ. నాలుగు రోజులు పడుతుందంది.

ఐదో రోజు పొద్దున ల్యాబు ఫోను మోగింది. అటుపక్క డాక్టరమ్మ. "టీకానేనండీ. మూడూ టీకానే" అంది. అతను "అలాగా" అన్నాడు. "థాంక్సండీ" కూడా అన్నాడు. ఫోను పెట్టేసి, సగంలో వదిలిన గుంట దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పళ్లెం పూర్తిచేశాడు. ఆ తర్వాత లేచి ఎదుటి బల్ల దగ్గరికి వెళ్లాడు.

సోడాబుడ్డికి అప్పటికే కబురు అందింది. అక్క పేరు తీసేశారు గనక ఇప్పుడు చూపించడానికి అడ్డం లేదు. ఆ అమ్మాయి రెండు బొమ్మలు తెర మీద పెట్టింది. మొదటిది టీకాకి ముందు తీసిన రక్తం. గుంటలో మూడు చుక్కలు. రెండోది మూడో డోసు తర్వాతది. గుంట నిండా ఊదారంగు. కింద మిషన్ వేసిన అంకె, నూట నలభై ఒకటి.

అతను కుర్చీ లాక్కున్నాడు. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా లెక్కపెట్టాడు. పది నిమిషాలు పట్టింది.

"నూట ముప్పై ఎనిమిది" అన్నాడు. "ఈ మూడూ దుమ్ము."

"అవును సార్" అంది ఆ అమ్మాయి. "నేనూ అదే రాశాను." అద్దాల వెనక ఆమె కళ్లు నిండిపోయాయి. అతను బొమ్మ కింద తేదీ చూసుకుని, బావుంది, చుక్కల వెనక జాగా శుభ్రంగా వచ్చింది అన్నాడు. ఎవరి రక్తమో తెలియనప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు. ఇంత బాగా చుక్కలు వచ్చిన పళ్లేలు అతని పదిహేడేళ్ల లెక్కలో పది కూడా ఉండవు.

చుక్కలు వస్తే గడ్డ కరిగినట్టేనని ఎవరూ చెప్పలేరు, అది అతనికి తెలుసు. కరిగేదో లేదో ఇక ఎప్పటికీ తెలియదన్నది కూడా తెలుసు. సెలవు అడిగి మధ్యాహ్నం బస్సెక్కాడు.

బస్సులో ఒక నిర్ణయానికి వచ్చాడు. ఉప్పునీళ్లేనని చెప్పేయాలి. ఒక్క మాట. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది, సోమవారం మందు మొదలుపెడుతుంది, కథ కంచికి పోతుంది. ఇంటి మలుపు వచ్చేదాకా ఆ మాటని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు.

అక్క ఇంటి కింద కార్లు పెట్టే చోట, నీడలో ఉంది. పాఠాలు మానేసి నెల దాటినా కారు తుడవడం మానలేదు. కాళ్ల కింది పట్టాలు దులిపి, ఆయాసం వచ్చి, డ్రైవరు సీట్లో తలుపు తెరుచుకుని కూర్చుంది. అతను అటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"పట్టపగలు వచ్చావేంటి? ఫోను చేశారా?"

"చేశారు."

"ఉప్పునీళ్లేనా?"

నోట్లో పెట్టుకుని తెచ్చిన మాట అక్కడే ఉంది. ఉమ్మేస్తే చాలు. కానీ అక్క అడిగింది నిజంగా తెలుసుకోవాలని అడిగింది. తనకి గట్టిగా తెలుసా అని ఆ రోజు అడిగినట్టే అడిగింది. రెండోసారి కూడా ఆమెకి తప్పు చెప్పడం అతని వల్ల కాలేదు.

"కాదక్కా. టీకానే. పనిచేసింది కూడా. మొన్నటి నీ రక్తం చూశాను, నూట ముప్పై ఎనిమిది చుక్కలు."

"అంటే ఎక్కువా?"

"చాలా ఎక్కువ."

అక్క స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టింది. కారు కదలడం లేదు గదా, అయినా పెట్టింది. అవతల ఎవరో బకెట్టుతో నీళ్లు పారబోస్తున్న చప్పుడు.

"నా కాపలావాళ్లు బయటికి చెప్పకుండా లోపల పని చేసుకుపోయారన్నమాట" అంది. "మిగిలిన డోసులు ఉన్నాయా?"

"ఆరున్నాయి. మా బిల్డింగులోనే, కింద ఫ్రీజర్లో."

"వేరే ఎవరికైనా వేస్తారా?"

"ఎవరికీ సరిపోవక్కా. నీ గడ్డని చూసి చేసినవి. నీకొక్కదానికే."

"నాకేమో వేయరు."

"వేయరు. శుక్రవారం నాశనం చేస్తారు. లిస్టులో ఉంది."

అక్క తల ఊపింది. తిడుతుందని అతను చూశాడు. నీకు గట్టిగా తెలుసన్నావు కదరా అంటుందని చూశాడు. అంటే మోయడానికి ఒక నిందంటూ ఉండేది. అక్క ఎడంచేత్తో అతని భుజం మీదున్న దారప్పోగు తీసి కిటికీలోంచి వదిలింది.

"శుక్రవారం సెలవు పెట్టుకో నాన్నా" అంది. "నువ్వక్కడ ఉండకు. నువ్వు చూడలేవు."

అప్పుడు తెగింది. ఎక్కడో లోపల ఇన్నాళ్లూ మొద్దుబారి పడున్నది ఒక్కసారిగా నొప్పెట్టింది. "ఇంక ఆపక్కా" అన్నాడు, గట్టిగా, దాదాపు అరుస్తూ. "నా గురించి ఇంక ఆపు. నీ ప్రాణం పోతుంటే నా మొహం గురించేంటి నీకు. ఇందుకే కదా ఇదంతా." డాష్‌బోర్డు మీద తల పెట్టుకుని, తొమ్మిదేళ్ల వయసులో ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్క చెయ్యి అలవాటుగా అతని వీపు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. చెయ్యి మెల్లిగా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఊరుకోమనలేదు, ఏం కాదనలేదు, నవ్వించే మాట ఒక్కటీ అనలేదు. కిటికీ అవతలికి చూస్తూ, అతనికోసం కాకుండా తన కోసం, తనూ ఏడవడం మొదలుపెట్టింది.